కుష్మన్ నోట్‌బుక్కుల సంగతి కూడా రాయాల్సింది

అమెరికన్ ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ చార్ల్స్ కుష్మన్ మీద మీ వ్యాసం బావుంది. ఆయన 1941, 42ల్లో తీసిన న్యూయార్క్ ఫొటోలు చూసి, వీటికి ఈమధ్యే కంప్యూటర్లో రంగులద్దారేమోనని పైన కామెంట్లలో కొందరు అనుమానపడ్డారు. కాదండీ, అవి అసలు రంగులే. ఆయన వాడింది కొడాక్రోమ్, అంటే కొడాక్ కంపెనీ కలర్ ఫిల్మ్. 35 ఎంఎం కెమెరాలకు ఆ ఫిల్మ్ 1936లోనే వచ్చింది. దాంట్లో రంగు ముందే ఉండదు, కడిగేటప్పుడు చేరుతుంది. చీకట్లో భద్రంగా దాస్తే దశాబ్దాలు గడిచినా వెలిసిపోదు. (మా ఇంట్లో ఎనభైల నాటి పెళ్లి ఆల్బం ఎప్పుడో ఎర్రబారిపోయింది, అది వేరే బాధ.)

మీరు వదిలేసింది ఆయన నోట్‌బుక్కుల సంగతి. ఏ ఫొటో ఎక్కడ తీశాడో, ఎప్పుడు తీశాడో రాసిపెట్టుకునేవాడు. 1938 నుంచి 1969 దాకా తీసిన సుమారు 14,500 స్లైడ్లను (తెర మీద వేసి చూసే ఫిల్మ్ ముక్కల్ని) తను చదువుకున్న ఇండియానా యూనివర్సిటీకే ఇచ్చేశాడు. ఆ రాతలే లేకపోతే, తర్వాత కూల్చేసిన షికాగో పాత వీధుల్ని ఇవాళ ఎవరు గుర్తుపట్టగలరు? నాకు ఆయన తీసిన వంతెనలకన్నా సంతలు, పెచ్చులూడిన గోడలే నచ్చాయి.

మన దగ్గర పాత హైదరాబాద్ ఫొటోలు ఫేస్‌బుక్‌లో రోజూ తిరుగుతుంటాయి. చాలావాటికి తేదీ ఉండదు, తీసినవాళ్ల పేరుండదు. ఒకే వీధిని ఒకాయన అబిడ్స్ అంటాడు, ఇంకొకాయన సికింద్రాబాద్ అంటాడు, కింద వంద కామెంట్ల కొట్లాట. వీలైతే కుష్మన్ నోట్‌బుక్ పేజీ ఒకటి ఈ వ్యాసంలో జతచేయండి.