ఫారం నింపడం నేర్పితే 7 ఏళ్లు

ఇరాన్ ఆడవాళ్ల పోరాటం అనగానే మనవాళ్లకి హిజాబ్ తగలబెట్టే వీడియోలే గుర్తొస్తాయి. సరే, వాటి విలువ వాటిది. నజ్మే వాహెదీ పేరు ఎంతమంది విన్నారు? సోషియాలజీ పరిశోధకురాలు. హొదా అమీద్ అనే లాయరుతో కలిసి ఆవిడ చేసిందల్లా, పెళ్లి దస్తావేజులో ఏ షరతులు రాయించుకోవాలో ఆడపిల్లలకి క్లాసులు చెప్పడం. 2018 సెప్టెంబర్ 1న ఇద్దర్నీ పట్టుకెళ్లారు. 2020 డిసెంబర్‌లో కోర్టు వాహెదీకి 7 ఏళ్లు, అమీద్‌కి 8 ఏళ్లు వేసింది. నేరం ఏంటయ్యా అంటే, ఆడవాళ్లు, కుటుంబం విషయాల్లో అమెరికాతో కుమ్మక్కట!

నవ్వాలో ఏడవాలో తెలీదు. షరతులు పెట్టుకోవచ్చని చెప్పింది వాళ్ల సివిల్ కోడే, 1119వ సెక్షన్. అచ్చేసిన పెళ్లి పత్రంలోనే 12 షరతులుంటాయి, వరుడు ఒక్కోదాని కింద విడిగా సంతకం పెట్టాలి. ఆర్నెల్లు పోషణ ఇవ్వకపోతే, మత్తుకి బానిసైతే, భార్య ఒప్పుకోకుండా రెండో పెళ్లి చేసుకుంటే విడాకులు అడగొచ్చు. కానీ అన్నీ కోర్టులో ఆవిడే రుజువు చేయాలి. ఏళ్లు గడిచిపోతాయి. చివరికి విసిగిపోయి మెహర్ (పెళ్లప్పుడు భర్త భార్యకి ఇస్తానని రాసిచ్చే సొమ్ము) వదిలేసుకుని బయటపడతారు. 'నా మెహర్ హలాల్, నా ప్రాణం ఆజాద్' (మెహర్ నీకే వదిలేశా, నన్ను వదిలెయ్) అని వాళ్ల పార్సీ భాషలో సామెతే పుట్టింది.

అందుకే విడిగా రాయించుకునే వకాల్తా ముఖ్యం. అవును, మన కోర్టుల్లో వాడే వకాల్తానే, ఆ మాట పార్సీ నుంచే మనకొచ్చింది. 'భార్యకి విడాకుల హక్కు ఉంది' అని రాస్తే చెల్లదు, ఎందుకంటే అక్కడ చట్టం ప్రకారం ఆ హక్కు మగాడిది. 'నా తరఫున విడాకులు తీసుకునే అధికారం ఇస్తున్నాను' అని రాయాలి. అది మామూలు వకాల్తాగా ఉంటే మర్నాడే రద్దు చేసుకోగలడు, కాబట్టి పెళ్లి ఒప్పందంలోనో మరో రద్దుకాని ఒప్పందంలోనో షరతుగా కలపాలి. ఇంకో లాయరుని పెట్టుకునే అధికారం కూడా రాయాలి, లేకపోతే కేసు అక్కడే ఆగిపోతుంది. ఏ రకం విడాకులో ఎంచుకునే అధికారం, మెహర్‌లో కొంత వదులుకుంటే భర్త తరఫున ఒప్పుకునే అధికారం మర్చిపోతే ఇంకా ఘోరం. ఇద్దత్ (విడాకుల తర్వాత భార్య మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఆగాల్సిన కాలం) గడువులోపు 'వెనక్కి తీసుకుంటున్నా' అని ఆయన ఒక్క మాటతో మళ్లీ మొదటికి తెస్తాడు. ఒక వాక్యం తేడాకి ఒక జీవితం.

'ఇదంతా మొగుడి దయ మీద ఆధారపడ్డ హక్కే కదా' అని విసుక్కునేవాళ్లున్నారు. నిజమే. ఆ సంగతి ఈ పని చేసేవాళ్లకి తెలీదా? 2006లో పదిలక్షల సంతకాల ఉద్యమం మొదలుపెట్టి, చట్టాన్నే మార్చమని ఇల్లిల్లూ తిరిగి అడిగారు. అడిగినట్టు చట్టం మారలేదు సరికదా, సంతకాలు సేకరించిన వాళ్లని అరెస్టు చేశారు. చట్టం మారేదాకా పెళ్లిళ్లు ఆగవుగా.

పాస్‌పోర్టు సంగతే చూడండి. పెళ్లయినావిడకి భర్త రాతపూర్వక అనుమతి కావాలి. 'ప్రతిసారీ కొత్త అనుమతి అక్కర్లేకుండా, శాశ్వతంగా' అన్న ముక్క అందుకే రాయించుకోమంటారు. 2021 ఫిబ్రవరిలో ఇరాన్ మహిళల స్కీయింగ్ జట్టు ప్రపంచ పోటీలకి ఇటలీ బయల్దేరింది. కోచ్ సమీరా జర్గరీని మాత్రం భర్త వెళ్లనివ్వలేదు. జట్టు విమానం ఎక్కింది, కోచ్ ఇంట్లో ఉండిపోయింది.