ఇంటి పక్క సందు, ఇంగ్లండు పరువు

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు చెప్పారు. ఇంగ్లండులో గోడలకు పరువు కూడా ఉంటుందని ఈమధ్యే తెలిసింది. ఆ పరువు కాపాడే పనిలో 14 నెలలుగా నేనూ యథాశక్తి పాలుపంచుకుంటున్నాను కాబట్టి, ఈ విషయమై నాలుగు మాటలు రాసే అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను.

మాది లండన్‌లో 1890లలో కట్టిన వరస ఇళ్లలో ఒకటి. కింద హాలు, వంటిల్లు. పైన రెండు పడకగదులు, ఉన్న ఒకే ఒక్క బాత్రూం. మోకాళ్లు అరిగిన మా అమ్మ ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి, నిచ్చెనలాంటి ఆ మెట్లు రోజుకు ఎనిమిదిసార్లు ఎక్కి దిగింది. వంటింటి పక్కన మీటరున్నర వెడల్పు సందు ఒకటి ఉంది. చెత్తడబ్బాలు, విరిగిన సైకిలు, బోలెడంత నాచు తప్ప అందులో ఏమీ లేవు. దానిమీద కప్పు వేసి చిన్న బాత్రూం కట్టిద్దామనుకున్నాను. నా పతనం అక్కడే మొదలైంది.

మా వీధి కన్జర్వేషన్ ఏరియాలో ఉంది. పాత వీధుల అందం కాపాడాలని 1967లో ఇక్కడ చట్టం చేశారు. ఆ ఏడాదే లింకన్‌షైర్‌లోని స్టామ్‌ఫర్డ్ ఊరితో శ్రీకారం చుట్టారు. ఇప్పుడు ఒక్క ఇంగ్లండులోనే ఇలాంటివి సుమారు 10,000. వీటిలో ఎవరేం కట్టుకుంటామన్నా, అది ఆ ప్రాంతపు స్వరూప స్వభావాలను నిలబెడుతుందా, మెరుగుపరుస్తుందా అని కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ) ప్రత్యేకంగా పట్టించుకోవాలని 1990 నాటి చట్టం చెబుతుంది. మా సందు స్వభావం ఏమిటా అని నేను చాలాసేపు ఆలోచించాను. నాచే అయ్యుండాలి.

వరస ఇంటికి వెనక్కి మూడు మీటర్ల దాకా, ఒకే అంతస్తు అయితే, మామూలుగా ఎవర్నీ అడక్కుండా పెంచుకోవచ్చు. కన్జర్వేషన్ ఏరియాలో పక్కకు మాత్రం అంగుళం జరగాలన్నా అర్జీ పెట్టాలి. వెనక్కి పోదామంటే మాకున్న పెరడే మంచమంత. సందు చూస్తే పక్కకాయె. అది వీధిలోంచి ఎవరికీ కనపడదు కదా అని ఆర్కిటెక్ట్ గారిని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, కాకులకు కనపడుతుందన్నారు.

అర్జీతోపాటు హెరిటేజ్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. మన భాషలో స్థలపురాణం. మా సందు స్థలపురాణం 11 పేజీలు వచ్చింది. అందులో ఆర్కిటెక్ట్ గారు ఒక చారిత్రక సత్యాన్ని వెలికితీశారు. ఈ ఇళ్లు కట్టిన రోజుల్లో మరుగుదొడ్డి పెరట్లోనే ఉండేదట. అంటే మేం అడుగుతున్నది మార్పు కాదు, పునరుద్ధరణ! ఆ ముక్క చదివి వినిపిస్తే అమ్మ, "మన ఊళ్లోనూ దొడ్లోనే కదరా ఉండేది. మరి వీళ్ల గొప్పేంటి?" అంది.

మా ఊళ్లో వాస్తు సిద్ధాంతిగారు గుమ్మంలో నిలబడి ముందు ఏమీ మాట్లాడరు. చుట్టూ చూసి "ఊఁ" అంటారు. ఆ ఒక్క అక్షరానికే ఇంటాయనకు బీపీ పెరుగుతుంది. కౌన్సిల్ నుంచి వచ్చిన ప్లానింగ్ ఆఫీసరమ్మ కూడా సందులో నిలబడి అచ్చం అలాగే "ఊఁ" అన్నారు. ఇద్దరికీ గోడలతోనే పని, కాపురమున్నవాళ్లతో కాదు. ఇద్దరి శాస్త్రమూ మనకు అర్థం కాదు. తేడా ఏంటంటే సిద్ధాంతిగారు పరిహారం చెబుతారు. ఓ నిమ్మకాయో, రాగిరేకో పెడితే దోషం పోతుంది. ఇక్కడ రాగిరేకు పెట్టాలన్నా అనుమతి అడగాలేమో.

తర్వాత మా బాత్రూం సంగతి లోకానికి చాటారు. వీధి దీపం స్తంభానికి నోటీసు కట్టారు. కన్జర్వేషన్ ఏరియా కాబట్టి లోకల్ పేపర్లో ప్రకటన కూడా వేశారు. మా వంశంలో పేపర్‌కెక్కిన మొదటి కట్టడం ఇదే. అభ్యంతరాలు చెప్పడానికి జనానికి 21 రోజులు గడువు. రెండొచ్చాయి. ఒకాయన, ఈ సందు పోతే రేపు అన్ని సందులూ పోతాయని నాగరికత గురించి బెంగపడ్డారు. ఇంకొకావిడకు కొత్త ఇటుక రంగు మీద టెన్షన్. మూడో అభ్యంతరం మా ఇంట్లోంచే వచ్చింది. "ఈశాన్యంలో బాత్రూం ఏంట్రా, బుద్ధుండే కడుతున్నావా?" అంది అమ్మ. చట్టప్రకారం అభ్యంతరానికి ప్లానింగ్‌తో సంబంధం ఉండాలి. ఈశాన్యం లెక్కలోకి రాదని ఆమెకు నచ్చజెప్పేసరికి 21 రోజులూ గడిచిపోయాయి.

ఎనిమిది వారాల్లో తేల్చాల్సిన అర్జీని, ఇంకొంత గడువు ఇస్తారా అని మర్యాదగా అడిగి, ఇచ్చాక మర్యాదగా తిరస్కరించారు. మా బాత్రూం వల్ల ఇళ్ల వెనక గోడల వరసకున్న లయ దెబ్బతింటుందట. ఇన్నేళ్లుగా మా పెరట్లో ఒక లయ నడుస్తోందని, రోజూ అక్కడే బట్టలారేసే నాకు తెలీకపోవడం నా సంగీత జ్ఞానలోపం.

అయినా నేను నిరాశపడలేదు. ఈ దేశ చరిత్ర చదివాను. ఆక్స్‌ఫర్డ్ శివార్లలో హెడింగ్టన్ అనే చోట 1986లో ఒకాయన తన ఇంటి పైకప్పులోకి 25 అడుగుల ఫైబర్‌గ్లాస్ సొరచేపను తలకిందులుగా దించాడు. తీసెయ్యమని కౌన్సిల్ పట్టుబట్టింది. తగువు మంత్రిగారి దాకా వెళ్లింది. 1992లో చేప గెలిచింది. అసలు రసం ఇక్కడుంది: 2022లో కౌన్సిల్‌వారు ఆ చేపను స్థానిక వారసత్వ జాబితాలో చేర్చారు. మీ పెత్తనానికి నిరసనగా మా నాన్న పెట్టినదాన్ని మీరు కాపాడటమేంటి, వద్దు మొర్రో అని కొడుకు మొత్తుకున్నా వినలేదు. బాత్రూం బదులు ఏ మొసలినో పెట్టుకుంటానని అడిగుంటే, మా మనవల కాలానికైనా పని జరిగేది.

సర్రేలో ఒక రైతుది మరో దారి. బురుజులతో సహా కోటలాంటి ఇల్లు కట్టి, చుట్టూ గడ్డిమోపులు పేర్చి, పైన టార్పాలిన్ కప్పి, నాలుగేళ్లు గుట్టుగా కాపురం చేశాడు. నాలుగేళ్లు ఎవరూ అడక్కపోతే ఇల్లు నిలిచిపోతుందని అప్పట్లో రూలు. 2006లో గడ్డి తీశాడు. దాచిన రోజులు లెక్కకు రావన్నారు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి 2016లో తనే కూలగొట్టుకున్నాడు. (అది గ్రీన్ బెల్ట్ గొడవ, అంటే ఊళ్ల చుట్టూ కట్టడాలు రాకుండా కాపాడే ఖాళీ భూముల తగువు, మాది వేరు. కానీ గడ్డివాము వెనక కోట అన్నాక చెప్పకుండా ఎలా ఉంటాం?) 2024 నుంచి ఆ నాలుగేళ్లను పదేళ్లు చేశారు. పదేళ్లకు సరిపడా గడ్డి లండన్‌లో దొరకదు.

ఈ అనాగరికులకు మన పద్ధతి ఎవరైనా చెప్పాలి. శుక్రవారం సాయంత్రం స్లాబు మొదలుపెట్టి సోమవారం ఆఫీసు తాళం తీసేలోపు ముగించడం, ఆపైన పథకం కోసం ఎదురుచూడటం. అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు ఉమ్మడి రాష్ట్రంలో 2007లో బీపీఎస్, తెలంగాణలో 2015లో బీఆర్‌ఎస్ (పార్టీ కాదు, పథకమే). రుసుము కడితే అక్రమం కాస్తా సక్రమం. లయ, స్వభావం లాంటి ఇబ్బందికర ప్రశ్నలుండవు.

చెట్ల గురించి కూడా చెప్పాలి. కన్జర్వేషన్ ఏరియాలో కాండం 75 మిల్లీమీటర్ల లావు దాటిన చెట్టుకు కొమ్మ కొట్టాలన్నా ఆరు వారాల ముందు నోటీసివ్వాలి. మా కిటికీలో అమ్మ పెట్టిన కరివేపాకు మొక్కకు ఆ భయం లేదు. ఈ చలిలో అది పెన్సిలంత లావైనా గొప్పే.

ఆర్కిటెక్ట్ గారు కప్పు వాలు మార్చి, ఎత్తు తగ్గించి, మళ్లీ అర్జీ పెట్టారు. ఈసారి అనుమతి వచ్చింది. మూడేళ్లలోపు పని మొదలుపెట్టాలి. అయితే ముందుగా, వాడబోయే ఇటుక నమూనా చూపించి ఒప్పించుకోవాలి. దానికి వేరే అర్జీ, వేరే రుసుము, మరో ఎనిమిది వారాలు. అమ్మ వీసా ఎప్పుడో అయిపోయింది. వెళ్లి కూడా చాలా నెలలైంది.

పాత ఇళ్లు కూల్చినచోట వెతికి, పసుపుపచ్చ పాత ఇటుక ఒకటి తెచ్చి, కౌన్సిల్ జవాబు వచ్చేదాకా కరివేపాకు కుండీ పక్కన పెట్టాను. నిన్న వీడియో కాల్‌లో అమ్మ మొక్కను చూపించమంది.

"పక్కన ఆ ఇటుకేంట్రా?"

"నీ బాత్రూమేనమ్మా."

అమ్మ కళ్లజోడు సర్దుకుని, ఫోను దగ్గరికి జరుపుకుని చూసింది.

"అదేనా ఈశాన్యం?" అంది.