పొంగిన డబ్బా

బడికి బాక్సు కట్టడంలో కష్టమంతా పొయ్యి దగ్గరే ఉంటుందని నా గట్టి నమ్మకం. పొయ్యి వెలిగించని బాక్సు కడితే కష్టమే లేదు. బడులు తెరిచిన రెండో వారంలో, వాళ్ల నాన్నగారి కంటి ఆపరేషన్‌కని మా ఆవిడ మూడు రోజులకు కందుకూరు బయలుదేరినప్పుడు, ఆ నమ్మకంతోనే “నిశ్చింతగా వెళ్లిరా, అమ్మాయికి చల్లని బాక్సులు కట్టి పంపిస్తాను” అన్నాను. ఆవిడ నన్నొకసారి, ఫ్రిజ్‌నొకసారి చూసి, ఫ్రిజ్‌తోనే మాట్లాడుతున్నట్టు చెప్పింది: “ఎడమ పక్క డబ్బాలో దోసెల పిండి ఉంది. రాత్రే రుబ్బి, పులవకుండా లోపల పెట్టాను. మంగళవారం పొద్దున పక్కింటి అక్కయ్యకు ఇవ్వండి, పాపం ఆవిడ గ్రైండర్ పాడైంది.”

(కందుకూరంటే గుర్తొచ్చింది. 2022లో దాన్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు, అత్తవారిల్లు మన జిల్లాకే వచ్చేసిందని తెగ సంబరపడ్డాను. దూరం మాత్రం ఒక్క కిలోమీటరు కూడా తగ్గలేదు.)

సోమవారం ఆరున్నరకు లేచాను. ఫ్రిజ్‌లో రాత్రి మిగిలిన అన్నం, గిన్నెడు గడ్డపెరుగు ఉన్నాయి. రెండూ కలిపి, ఉప్పు వేసి, మూత బిగించాను. అయిదు నిమిషాల పని. దీనికోసమా మా ఆవిడ రోజూ తెల్లవారుజామున లేచి అంత హడావుడి చేసేది అనిపించింది. పనిలో పనిగా అమ్మాయి నీళ్ల సీసాను కూడా ముందు రాత్రే నిండుగా నింపి గడ్డకట్టించి ఉంచాను. దాన్ని బాక్సు పక్కన పెడితే అన్నం చల్లగా ఉంటుందని నా ఆలోచన.

సాయంత్రం అమ్మాయి సంచి దించి, నా ముందు నిలబడి, తీర్పు చదివింది. పెరుగన్నం పుల్లగా ఉంది. మెతుకులు రాళ్లలా ఉన్నాయి. మధ్యాహ్నం దాకా సీసాలో గడ్డ కరగలేదు, దాహం వేస్తే ఐస్‌ఫ్రూట్‌లా నాకాల్సి వచ్చింది. ఆ సీసాను బల్ల మీద పెట్టాను. అది ఒక పక్కకు ఒరిగి పడిపోయింది. నీరు గడ్డకడితే 9 శాతం దాకా పెరుగుతుందని చిన్నప్పుడెప్పుడో చదివి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. స్టీలు సీసా అడుగు బొజ్జలా ఉబికి వచ్చాక ఆ పాఠం గుర్తొచ్చింది.

రాత్రి ఫోనులో మా ఆవిడ నెత్తి కొట్టుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. “పెరుగుతో కలిపారా? ఈ ఎండకు పులవక ఏమవుతుంది? వేడి అన్నం మెత్తగా మెదిపి, ఆరాక పాలు పోసి, చెంచాడు పెరుగు వేయాలి. బాక్సులోనే తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది.”

అంటే తినేది పన్నెండున్నరకైతే, పన్నెండున్నరకు అది ఎలా ఉంటుందో ముందు రోజే ఊహించి కలపాలన్నమాట. ఇంత జ్యోతిషం ఉందని నాకెవరూ చెప్పలేదు.

సరే, పట్టుదల వచ్చింది. మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకుని మీసం దువ్వే జిల్లాలో పుట్టి, పెరుగన్నం దగ్గర ఓడిపోతే పరువేం కాను? ఆ రాత్రే కుక్కర్ పెట్టాను. పాలు కాచాను. తాలింపు వేశాను. పొయ్యి వెలిగించని బాక్సు కోసం పొయ్యి మూడుసార్లు వెలిగిందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. దానిమ్మ గింజలు చల్లి, కొత్తిమీర వేసి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఎడమ పక్కన ఖాళీ కనబడితే అక్కడ సర్దాను. ఆ ఖాళీ ఎలా వచ్చిందంటే, పాల గిన్నె తీసేటప్పుడు అక్కడున్న డబ్బాను నేనే కుడి పక్కకు జరిపాను. రెండూ మా పెళ్లికి వచ్చిన జంట డబ్బాలు. ఒకే సైజు, ఒకే మూత, ఒకే బరువు.

మంగళవారం పొద్దున అప్పగింతలన్నీ సవ్యంగా జరిగాయి. ఎడమ డబ్బా అక్కయ్యకు, కుడి డబ్బా అమ్మాయికి.

పన్నెండూ నలభైకి క్లాసు టీచరు ఫోను చేశారు.

“సార్, మీ అమ్మాయి బాక్సు తెరుచుకుంది.”

“తినమనండి మేడమ్.”

“మేము తెరవలేదు సార్. దానంతట అదే తెరుచుకుంది.”

దర్గామిట్టలో మా ఆఫీసు. స్కూటర్ తీసి, దారిలో ఇడ్లీలు కట్టించుకుని, ఆ ఎండలో చెమటలు కక్కుతూ వెళ్లేసరికి డబ్బాను వరండాలో గట్టు మీద పెట్టి ఉంచారు. చుట్టూ పిల్లలు. మూత ఒక పక్క పైకి లేచి, దాని కింద నుంచి తెల్లగా, నున్నగా, గుమ్మటంలా పిండి పైకి వచ్చి, అంచు మీదుగా దిగి, లెక్కల పుస్తకం అట్ట మీద పేరు రాసిన కాగితాన్ని సగం మింగింది. నేను చూస్తుండగానే ఒక బుడగ మెల్లగా ఉబ్బి, ఒక క్షణం ఆలోచించి, టప్పున పగిలింది. రెండు రాత్రులు ఫ్రిజ్‌లో నిద్రపోయిన పిండికి, సంచిలో నాలుగు గంటలు నెల్లూరు ఎండ తగిలేసరికి మెలకువ వచ్చింది. నా పెరుగన్నం తోడుకోవడానికి నేను నమ్ముకున్నది కూడా ఆ ఎండనే.

సైన్సు మాస్టారు మాత్రం ఎంతో ఆనందంగా ఉన్నారు. ఏడో తరగతి పిల్లలను వరుసగా నిలబెట్టి, లోపలి సూక్ష్మజీవులు గాలిని పుట్టిస్తాయనీ, మినప్పప్పు జిగురు ఆ గాలిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుందనీ నా డబ్బాను చూపించి చెబుతున్నారు. ఆయా దగ్గరికి వచ్చి, వేలితో కాస్త తీసి చూసి, “పిండి బాగా రుబ్బారు సార్, దోసెలు దూదుల్లా వస్తాయి” అంది. ఆ రోజు నాకు దక్కిన ఏకైక మెచ్చుకోలు అది. అదీ మా ఆవిడకు చెందాల్సింది.

అమ్మాయి ఆకలితో ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. స్నేహితురాళ్లు తలా ఒక ముద్ద పెట్టారట. పులిహోర, నిమ్మకాయ అన్నం, రెండు రకాల చపాతీ చుట్టలు, ఎవరిదో పొడి పూసిన ఇడ్లీ. నా ఇడ్లీ పొట్లం వైపు కన్నెత్తి చూడకుండా, “నాన్నా, రేపు కూడా పిండే పెట్టవా?” అంది.

సాయంత్రం పక్కింటి అక్కయ్య డబ్బా తెచ్చింది. “ఏం నాయనా, పిండి అడిగితే దానిమ్మ గింజలు వేసి దద్దోజనం పంపావు! మీ బావగారు ఆవురావురుమంటూ తిన్నారు. పాలతో కలిపావేమో, ఎంత కమ్మగా ఉందో.” ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదని అందులో చేపల పులుసు పోసి తెచ్చింది. బొమ్మిడాయిలు, కాపు చివర దొరికిన మామిడికాయ ముక్కలు. “ఇవాళ ముట్టుకోకండి, రేపటికైతే ముక్కకు పులుసు పడుతుంది” అని హెచ్చరించింది. ఆ డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టే ముందు మూత మీద పెద్ద అక్షరాలతో ‘చేప’ అని కాగితం అంటించాను. పక్కన చిన్న బొమ్మ కూడా గీశాను.

రాత్రి మా ఆవిడ ఫోను చేసింది. మామగారికి కట్టు విప్పారట, అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయట. కుశలప్రశ్నలన్నీ అయ్యాక అడిగింది.

“అవునూ, పిండి ఎలా వచ్చింది?”

“బాగా పొంగింది” అన్నాను.