మానేసేవాడి జాతకం

సైకోథెరపీకి, అంటే మాటలతో చేసే మనసు వైద్యానికి, వచ్చినవాళ్ళలో చివరిదాకా ఎవరుంటారు, మూడో వారానికే చల్లగా ఎవరు జారుకుంటారు? ఈ మహా సమస్యకు శాస్త్రం ఒక ఉపాయం చెప్పింది. మనిషి గడప దాటగానే పర్సనాలిటీ టెస్ట్ పెట్టేయాలి. ఎం.ఎం.పి.ఐ-2 అని 1989లో అమెరికాలో వచ్చింది, 567 వాక్యాలు, ఒక్కోదానికీ నిజం, అబద్ధం అని దిద్దుకుంటూ పోవడమే. చికిత్స అంటేనే నమ్మకం లేని బుద్ధి మీలో ఎంతుందో కొలవడానికి అందులో ఒక స్కేలు కూడా ఉంది, అంటే మీరు మానేయకముందే ఆ తప్పు మీ ఖాతాలో పడిపోతుందన్నమాట.

మా బావమరిది నిద్ర పట్టక, ఆఫీసు టెన్షన్ తట్టుకోలేక ఒక క్లినిక్‌కి వెళ్తే పెన్సిలిచ్చి కూర్చోబెట్టారు. రెండు వందల దగ్గర ములుకు అరిగింది. మూడు వందల దగ్గర "బావా, వీళ్ళు చూస్తున్నది నా మనసా, నా ఓపికా?" అని మెసేజ్ పెట్టాడు. నాలుగు వందలు దాటాక లేచి ఇంటికొచ్చేశాడు. టెస్ట్ ఎంత పవర్‌ఫుల్ అంటే, మధ్యలో మానేసే రకాన్ని మార్కులు వేయకుండానే పట్టేసింది!

పాపం, ఆ కాలంలో ఈ మాటల వైద్యం చేసిన డాక్టరు ఫ్రాయిడ్‌కి ఈ సౌకర్యం లేదు. 1900 డిసెంబరు 31న, వియన్నాలో, ఆయన డోరా అని పేరు మార్చి రాసిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయి, మొదలుపెట్టి పట్టుమని మూడు నెలలైనా కాలేదు, ఇవాళ్టితో ఆఖరు అనేసింది. ఎప్పుడనుకున్నావంటే పదిహేను రోజుల కిందటే అంది. పనిమనిషి నోటీసిచ్చినట్టుందే అని ఈయన చమత్కరించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. 1905లో ఆ కేసు అచ్చువేస్తూ, ఆ పిల్ల మనసులో తన మీద ఏం నడుస్తోందో సకాలంలో కనిపెట్టలేకపోయానని కూడా ఒప్పుకున్నాడు. ఈ రోజుల్లో అంత అమాయకంగా ఎవరుంటారండీ, రిపోర్టులో 'పేషెంటుకు ఆసక్తి తక్కువ' అని రాసి సంతకం పెట్టేస్తే సరిపోయేదానికి!

లెక్కలు మాత్రం కాస్త ఇబ్బంది పెడతాయి. 1993లో 125 అధ్యయనాలు కలిపి చూస్తే మానేసేవాళ్ళు దాదాపు 47 శాతం. 2012లో 669 కలిపి చూస్తే 20 లోపే. మానేయడం అంటే ఏమిటో ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కేశారు లెండి. పర్సనాలిటీ డిజార్డర్ ఉన్నవాళ్ళు ఎక్కువగా వెళ్ళిపోతారని ఆ రెండోది చెప్పిన మాట నిజమే, కాదనను. కానీ ఇంకా నేర్చుకుంటున్న థెరపిస్టుల దగ్గర్నుంచి కూడా ఎక్కువమందే వెళ్ళిపోతారని అదే చెప్పింది. ఆ ముక్క కౌంటర్ దగ్గర ఎవరూ అంటించలేదు.

అందుకని నాదొక చిన్న ప్రతిపాదన. ఎదుటి కుర్చీలో ఆయనకీ అదే కాగితం, అలాంటిదే పెన్సిలు ఇచ్చి, 567కీ దిద్దమందాం, ముందు ఎవరు లేస్తారో చూద్దాం. అన్నట్టు ఆ పెన్సిలు మావాడి జేబులోనే వచ్చేసింది. ఇలాంటివాటికి కూడా ఏదో ఒక స్కేలు ఉండే ఉంటుందని తిరిగి ఇవ్వడానికి భయపడుతున్నాడు.