మిల్లు ఆఫీసు సర్వర్‌లోని డీ డ్రైవ్ గారికి

మిర్యాలగూడ

డీ డ్రైవ్ గారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరని మీ పేరు కింద ఉన్న ఎర్ర గీత చూస్తేనే తెలుస్తోంది. ఖాళీ పదో వంతు కంటే తగ్గితే విండోస్ ఆ నీలం గీతను ఎర్రగా మార్చేస్తుంది. మీది ఎర్రబడి చాలా కాలమైంది. మొదట్లో చూసి కంగారుపడ్డవాళ్లే ఇప్పుడు ‘దాని రంగే అంత’ అంటున్నారు.

మొన్న సీజన్ నడుమ మీరు ఒక్క మాటైనా చెప్పకుండా నిండిపోయారని మా సేటు గారి అభియోగం. కాంటా దగ్గర స్లిప్పు రాలేదు. వడ్ల లారీలు గేటు దాటి రోడ్డు మీద బారు కట్టాయి. డ్రైవర్లు హారన్లు కొట్టారు, హమాలీలు బీడీలు ముట్టించారు. స్క్రీన్ మీద 9002 నంబరు ఎర్రర్: ట్రాన్సాక్షన్ లాగ్, అంటే కాంటా లెక్కల్లో జరిగే ప్రతి మార్పునూ రాసిపెట్టే ఫైలు, నిండిపోయిందట. సేటు గారు అడిగింది ఒక్కటే, “నిన్న మంచిగనే ఉండె గదా?”

నిన్న కూడా మంచిగా లేరు. నిన్న ఎవరూ చూడలేదు, అంతే.

చూడకపోవడం మా మిల్లు స్వభావం అనుకునేరు. ఇక్కడ తూకం వేయంది ఏదీ గేటు దాటదు. సర్కారు వడ్లు మరపడితే క్వింటాకు రా రైస్ 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు అప్పజెప్పాలి. ఆ ఒక్క కిలో తేడా మీద గంటలు గంటలు మాట్లాడే మనుషులున్నారు మాకు. తౌడుకు లెక్క ఉంది, నూకలకు లెక్క ఉంది, ఊక బండికి లెక్క ఉంది, చిరిగిన గోనె సంచికి కూడా ఒక రిజిస్టరు ఉంది. ఆ లెక్కలన్నీ మోసే మీకే ఒక రిజిస్టరు లేదు.

కొన్న రోజే ఒక గొడవ జరగాల్సింది, జరగలేదు. డబ్బా మీద 1 టీబీ అని రాశారు. తెరిచి చూస్తే 931 జీబీ. తయారుచేసినవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారట, విండోస్ 1024 లెక్కన కొలుస్తుందట, బైట్లు మాత్రం ఎక్కడికీ పోలేదట. వడ్లు అమ్మే రైతు ముందు తరుగు అనే మాట ఎత్తితే ఎంత రభస అవుతుందో మాకు తెలుసు. అదే మాకు జరిగితే ‘అట్లనా’ అని తలూపి బిల్లు కట్టేశాం.

ఇక అసలు సంగతి. మా ఆఫీసులో అందరూ మిమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతారు: ఇంకా ఎంత ఖాళీ ఉంది? మా ఊరికి నీళ్లిచ్చే నాగార్జునసాగర్‌ను అడిగితే ఇంతకంటే మంచి జవాబు వస్తుంది. పేపర్లో రోజూ 590 అడుగులకు గాను ఎంత ఉందో వేసి ఊరుకోరు. పైనుంచి ఇన్‌ఫ్లో ఎంత, ఎడమ కాలువకు ఎంత, కుడి కాలువకు ఎంత అని విడివిడిగా వేస్తారు. మట్టం ఒక్కటే చూస్తే నిండుతోందో దిగుతోందో తెలియదు, ఎటునుంచి వస్తోందో అంతకంటే తెలియదు. పూడిక సంగతి సరేసరి: కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టే జలాశయం, తర్వాత సర్వే చేస్తే 312కు తగ్గిందని తేలింది. ఆ తగ్గింది ఒక్క వరదలో కాదు. కొలిచారు గనక తెలిసింది. మీ పూడిక ఎవరు కొలిచారు?

నేను కొలిచాను. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. అంకె పెరుగుతూనే ఉంది, నేను పోయి చాయ్ తాగి వచ్చినా పెరుగుతూనే ఉంది. లక్షల చిన్న ఫైళ్లున్న చోట ప్రతి ఫైలునూ తట్టి లేపి సైజు అడగాలి కదా, మీ తప్పు కాదు. చివరికి రెండు అంకెలు చూపించారు: సైజు ఒకటి, డిస్కు మీద సైజు ఇంకొకటి. మీరు చోటు ఇచ్చేది 4 కేబీ ముక్కల్లోనట. అంటే 5 కేబీ స్లిప్పు 8 కేబీ చోటు పట్టుకుని కూర్చుంటుంది. స్లిప్పులు లక్షల్లో ఉంటే ఆ తేడా ఎక్కడ తేలుతుందో చెప్పక్కర్లేదు.

ఫోల్డర్లన్నీ కూడినా మీరు నిండామన్న లెక్కకు సరిపోలేదు. మిగతాది సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే గదిలో ఉంది. తలుపు తడితే పర్మిషన్ లేదంటుంది, అడ్మినిస్ట్రేటరైనా సరే. పాత ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవడానికి తీసే షాడో కాపీలు దాచుకునేది అక్కడే. మామూలు లెక్కల్లో అది సున్నా. వీఎస్ఎస్ అడ్మిన్ కమాండుతో అడిగితే గానీ ఎంత మింగిందో చెప్పదు.

మిగిలినవి మా మనుషుల పుణ్యం. వేబ్రిడ్జి కెమెరాలు ప్రతి లారీని లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి ఫొటో తీస్తాయి. వీటిని జిప్ చేస్తే సగమవుతాయని ఎవరో సలహా ఇచ్చారు. జేపెగ్ ఫొటో అప్పటికే కుదించి ఉన్నది, జిప్ చేస్తే తగ్గేది నామమాత్రం. అయినా చేశారు. జిప్‌లూ ఉన్నాయి, ఫొటోలూ ఉన్నాయి. అకౌంట్స్ వాళ్లు రోజూ ట్యాలీ బ్యాకప్ తీస్తారు, మెచ్చుకోవాలి. తీసి మీలోనే పెడతారు. మీరు పోతే బ్యాకప్ కూడా మీతోనే సహగమనం చేస్తుంది. పైగా నెలాఖరున ‘మొత్తం ఒక కాపీ’ తీస్తారు, అందులో పాత బ్యాకప్‌లూ ఉంటాయి. ‘పాతది’, ‘కొత్తది’, ‘కొత్తది ఫైనల్’, ‘డిలీట్ చేయొద్దు’. ఈ చివరిది ఎవరిదో ఎవరికీ తెలియదు. మూడో పెద్ద ఫోల్డర్ అదే. మొదటి రెండింట్లో ఒకటి సేటు గారి మేనల్లుడి పెళ్లి వీడియో, పూర్తి 4కేలో. దాని గురించి ఇంతకంటే రాయను, జీతం నెలాఖరున వస్తుంది.

అసలు దొంగ మాత్రం వీళ్లెవరూ కాదు. కాంటా సాఫ్ట్‌వేర్ వెనక ఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఒకటి ఉంది. దాన్ని పెట్టిపోయినవాళ్లు రికవరీ మోడల్‌ను, అంటే లాగ్‌ను ఎంతవరకు దాచాలో చెప్పే సెట్టింగును, ‘ఫుల్’లో ఉంచి పోయారు. ఆ మోడల్‌లో లాగ్ బ్యాకప్ తీస్తేనే లోపలి చోటు మళ్లీ వాడుకోవడానికి ఖాళీ అవుతుంది. తీయకపోతే లాగ్ ఫైలు పెరుగుతూనే పోతుంది. తీయాలని మాకు ఎవరూ చెప్పలేదు. డేటా చిన్న పిల్లాడంత, లాగ్ ఏనుగంత. ఏ ఫైలు ఎంత పెద్దదో చూస్తే అది పట్టుబడేది, కానీ ఏది రోజురోజుకూ పెరుగుతోందో చూస్తే ఏడాది ముందే పట్టుబడేది. పెళ్లి వీడియో పెద్దదే, కానీ పెట్టిన రోజు నుంచి ఒక్క బైటు పెరగలేదు. పెళ్లి ఒక్కసారే కదా.

అందుకని మీకు ఒక రిజిస్టరు తెరిచాను. రాత్రి మిల్లు షిఫ్టు మారే వేళ విండోస్‌లో పనులను వేళకు మొదలుపెట్టే టాస్క్ షెడ్యూలర్ ఒక చిన్న పవర్‌షెల్ స్క్రిప్టును, అంటే కమాండుల చీటీని, లేపుతుంది. పై వరస ఫోల్డర్లు ఒక్కొక్కటి ఎంతుందో తేదీతో సహా ఎక్సెల్‌లో తెరుచుకునే ఒక సీఎస్‌వీ ఫైలులో ఒక్కో వరస రాస్తుంది, నిన్నటితో తేడా పక్కన వేస్తుంది. రంగురంగుల పటాలు గీసే టూల్స్ చాలానే ఉన్నాయి, ఈ రోజు ఎవరు లావుగా ఉన్నారో చక్కగా చూపిస్తాయి. నిన్న ఎంత ఉన్నారో రాసి పెట్టకపోతే ఆ పటం గోడకు వేలాడదీయడానికే.

సీఎస్‌వీ చూసిన సేటు గారు వెంటనే భాగహారం మొదలుపెట్టారు. రోజుకు ఇంత పెరిగితే, మిగిలింది ఇంత, అయితే ఇన్ని నెలలు. ఆ లెక్క ఎండాకాలం చివర, లారీలు ఆగిపోయాక వేశారు. వానాకాలం వడ్లు వచ్చాక ఫొటోల ఫోల్డర్ ఎట్లా ఉబ్బుతుందో, మళ్లీ యాసంగి కోతలకు ఎట్లా ఉబ్బుతుందో అందులో లేదు. సగటు తీయాలంటే పోయిన సీజన్ రోజులతో తీయాలి. ఈ మాట చెప్పాను. “అప్పటి సంగతి అప్పుడు చూద్దాం” అన్నారు. అప్పుడు ఏం చూస్తామో ఒకసారి చూశాం గదా, సేటు గారూ అని మాత్రం అనలేదు.

ఒక్కో ఫోల్డర్‌కు ఇంతే చోటని కోటాలు కూడా పెట్టొచ్చు, సర్వర్‌లో ఆ సౌకర్యం ఉంది. సాఫ్ట్ కోటా అయితే హద్దు దాటినా రాయనిస్తుంది, మెయిల్ మాత్రం పంపుతుంది. హార్డ్ కోటా అయితే రాయనివ్వదు. అకౌంట్స్‌కు, కాంటాకు, గోడౌన్‌కు సాఫ్ట్ కోటా పెట్టాను. సేటు గారి ఫోల్డర్‌కు హార్డ్ కోటా పెట్టే ధైర్యం ఉన్నవాడు ఈ జిల్లాలో ఇంకా ఉద్యోగంలో చేరలేదు.

లాగ్ బ్యాకప్ పెట్టించాం. షాడో కాపీలకు హద్దు పెట్టాం. ఏనుగును కుదించాం. మీ గీత మళ్లీ నీలమైంది, చూసుకున్నారా? మా వాళ్లు ‘సిస్టమ్ ఏదో పాడైంది, రంగు మారింది’ అని నాకు ఫోన్ చేశారు.

ఇట్లు,
మీ లెక్కలు రాసేవాడు

తా.క.: 4 టీబీ డిస్కు కొటేషన్ మీద సేటు గారి సంతకం అయిపోయింది, మీకు తోడు వస్తోంది. డబ్బా ఇంకా విప్పలేదు. అప్పుడే అకౌంట్స్ నుంచి ఒకాయన వచ్చి అడిగాడు: “అన్నా, దీంట్ల డీ డ్రైవ్ మొత్తం ఒక కాపీ పెట్టుకుందామా?”