పాసేజీ చదవకండి, మార్కులు పోతాయి

కాలేజీ ఎంట్రన్స్ కోసం ఇంగ్లీష్ రీడింగ్ కాంప్రహెన్షన్ ప్రాక్టీస్ చేసే పిల్లల్లో ఇప్పటికీ ఒక ప్రమాదకరమైన అలవాటు కనిపిస్తోంది. పాసేజీ చదువుతున్నారు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా, వరసగా, అందులో ఏముందో తెలుసుకుందామనే కుతూహలంతో చదువుతున్నారు. కొందరైతే చదివాక కాసేపు ఆగి ఆలోచిస్తున్నారని కూడా విన్నాను, అదీ టైమర్ నడుస్తుండగా! ఇంత కోచింగ్, ఇంత మెటీరియల్, ఇన్ని మాక్ టెస్టులు అందుబాటులో ఉన్న రోజుల్లో కూడా ఈ దురలవాటు పోలేదంటే తప్పు పిల్లలది కాదు, చిన్నప్పుడు వాళ్ళ చేతికి కథల పుస్తకాలిచ్చిన పెద్దవాళ్ళది.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. పరీక్ష హాల్లో నిజంగా ఉండేది ఇద్దరే. ఒకరు మీరు, రెండోవారు ప్రశ్నలు తయారు చేసిన పెద్దమనిషి. పాసేజీ రాసిన మనిషి ఆ చుట్టుపక్కల ఎక్కడా ఉండడు. ఆయన ఎప్పుడో ఏదో పత్రికకు ఒక పెద్ద వ్యాసం రాసుకుని, దాని సంగతి మర్చిపోయి హాయిగా ఉంటాడు. అందులోంచి మధ్య ముక్క ఒకటి కోసి, హాస్యం ఉంటే తీసేసి, కోపం ఉంటే చల్లార్చి, ఎవరికీ నొప్పి కలగని చోట మొదలుపెట్టి ఏమీ తేలని చోట ఆపేసి మీ ముందు పెడతారు. ఆయన ఉద్దేశం ఏమిటో మిమ్మల్ని అడుగుతారు. ఆయన్ని మాత్రం అడగరు, అడగకపోవడమే క్షేమం. అమెరికాలో సారా హోల్‌బ్రుక్ అనే కవయిత్రి ఉంది. టెక్సాస్ రాష్ట్రంలో 7, 8 తరగతుల పరీక్షల్లో తన కవితల మీద వచ్చిన ప్రశ్నలు చూసి, వాటిలో కొన్నిటికి తనకే జవాబులు తెలియడం లేదని 2017లో ఆవిడే రాసింది. కవితను రెండు భాగాలుగా ఎందుకు విడగొట్టారని ఒక ప్రశ్న. ఆవిడ చెప్పిన కారణం చాలా మామూలుది, వేదిక మీద చదివేటప్పుడు అక్కడ కాస్త ఆగుతుందట, అందుకని. ఆ కారణం ఆప్షన్లలో లేదు. దీన్ని పట్టుకుని పరీక్షను ఎగతాళి చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, నాకు మాత్రం ఆవిడ ప్రిపరేషన్ మీదే అనుమానం. రాయగానే సరిపోతుందా? ఒక్క మాక్ టెస్టయినా రాసి ఉండాల్సింది.

కాబట్టి చదవాల్సింది రచయిత మనసు కాదు, ప్రశ్నలు పెట్టిన ఆయన మనసు. ఆయన భయాలు మీకు తెలియాలి. ఆయనకున్న అతిపెద్ద భయం అబ్జెక్షన్లు. కీ బయటికి రాగానే వేలమంది పిల్లలు, వాళ్ళ వెనకాల వేలమంది తల్లిదండ్రులు, వాళ్ళ వెనకాల కోచింగ్ సెంటర్లు భూతద్దం పెట్టి చూస్తారు. ఎవరూ వేలెత్తి చూపలేని వాక్యం ఒక్కటి ఆయనకు కావాలి. సరైన ఆప్షన్ అనేది అలా పుడుతుంది. మిగతా మూడూ ఎలా పుడతాయో కూడా చూస్తేనే ఆ కళ గొప్పతనం అర్థమవుతుంది.

ఉదాహరణకు పాసేజీ వానపాముల మీద వచ్చిందనుకుందాం. (ఎప్పుడూ ఇలాంటిదే వస్తుంది. తేనెటీగలు, పగడపు దీవులు, ఎవరూ గుర్తించని శాస్త్రవేత్త, నగరాల్లో చెట్లు. క్రికెట్ మీద వస్తే పిల్లలకు ఇష్టం కలిగే ప్రమాదం ఉంది కాబట్టి రాదు.) వానపాములు నేలకు మేలు చేస్తాయని అందరూ అనుకుంటారు, కానీ ఉత్తర అమెరికాలోని కొన్ని అడవుల్లో బయటి నుంచి వచ్చి చేరిన వానపాములు నేల మీది ఆకుల పొరను తినేస్తున్నాయి, దాన్ని నమ్ముకున్న మొక్కలు దెబ్బతింటున్నాయి, ఇదీ విషయం. నిజానికి చాలా ఆసక్తికరమైన విషయం, చదివాక ఇంకొంచెం తెలుసుకోవాలనిపిస్తుంది. అనిపించగానే ఆపేయాలి. ఇప్పుడు ప్రశ్న: పాసేజీలోని ప్రధాన భావం ఏమిటి?

మొదటి ఆప్షన్, వానపాములు అడవులన్నిటికీ హానికరం. ఇందులో 'అన్నిటికీ' అనే మాట ఉంది కాబట్టి కొట్టేయాలి, విషయం చూడనక్కర్లేదు. అన్నీ, ఎప్పుడూ, మాత్రమే, ఎన్నడూ లాంటి మాటలున్న ఆప్షన్ తప్పు అని కోచింగ్‌లో మొదటి రోజే చెబుతారు, సూర్యుడు ఎప్పుడూ తూర్పునే ఉదయిస్తాడని రాసినా కొట్టేయమంటారు. రెండో ఆప్షన్, వానపాములు పొలంలో నేలను గుల్లగా చేసి రైతుకు సాయపడతాయి. ఇది నిజం. నిజం కాబట్టే మీరు పడిపోతారు. లోకంలో నిజమైతే సరిపోదు, పాసేజీలో ఉండాలి, బయటి జ్ఞానం తెచ్చుకున్నవాళ్ళను పట్టుకోవడానికే ఈ ఆప్షన్ పెట్టారు. మూడోది, వానపాములు ఆకుల పొరను తింటాయి. ఇది పాసేజీలో ఉంది, నిజం కూడా, కానీ ఇది వివరం, ప్రధాన భావం కాదు. ఇక నాలుగోది: 'ఒక జీవి వల్ల కలిగే ప్రభావం అది ఉన్న పరిసరాలను బట్టి కొంతవరకు మారే అవకాశం ఉండవచ్చు.'

ఇందులో వానపాము లేదు. అడవి లేదు. ఆకు లేదు. చదివినవాడు సంతోషపడడు, చదవనివాడు నష్టపోడు. 'కొంతవరకు' ఉంది, 'అవకాశం' ఉంది, అది చాలదని చివర 'ఉండవచ్చు' కూడా ఉంది. సుప్రీంకోర్టుకు వెళ్ళినా ఈ వాక్యాన్ని ఎవరూ కదిలించలేరు. జవాబు ఇదే. నెలల తరబడి ప్రాక్టీస్ చేసిన కుర్రాడికి ఇలాంటి వాక్యం కనిపించగానే లోపల ఒక చల్లదనం కలుగుతుంది, అప్పుడు వాడు రెడీ అయినట్టు లెక్క.

టోన్ ప్రశ్నల్లోనూ అంతే. రచయిత ధోరణి ఏమిటి అని అడిగినప్పుడు ఆగ్రహం, ద్వేషం, ఆరాధన అనే ఆప్షన్లు అలంకారానికి పెట్టినవి. పాసేజీలో రచయితలు కోప్పడరు. యుద్ధాల గురించి రాసినా, కరువు గురించి రాసినా వాళ్ళు 'జాగ్రత్తతో కూడిన ఆశాభావం' దగ్గరే ఆగిపోతారు. ఎక్కడో ఒకచోట 'పరిమితులతో కూడిన ఆమోదం' తెలియజేస్తారు. ఇంత సమతూకంగా బతికే మనుషులు పాసేజీల్లో తప్ప ఇంకెక్కడా లేరు, ఉంటే వాళ్ళింట్లో ఎలా వేగుతున్నారో మరి.

ఇదంతా ఇప్పుడు పుట్టిన తెలివి అనుకుంటున్నారేమో, వందేళ్ళకు పైబడిన సంప్రదాయం. ఆప్షన్లలోంచి జవాబు ఎంచుకునే పద్ధతిలో వచ్చిన తొలి ప్రామాణిక పరీక్షగా చాలామంది చెప్పేది చదవడాన్ని కొలిచే పరీక్షనే. అమెరికాలో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన 1915 ప్రాంతంలో కేన్సస్ సైలెంట్ రీడింగ్ టెస్ట్ పేరుతో తయారు చేశాడు. అందులో ఒక ప్రశ్నలో నాలుగు జంతువుల పేర్లుంటాయి, పొలంలో పనికొచ్చే జంతువు పేరు చుట్టూ గీత గీయాలి: ఆవు, పులి, ఎలుక, తోడేలు. పాపం, ఎంత అమాయకపు కాలం! ఆవును చూసి ఆవు అని గీత గీసేస్తే మార్కు వేసేసేవారు. ఇప్పుడైతే పైన ఒక పాసేజీ ఇచ్చి, పులి ఉండటం వల్ల అడవి పందులు పొలం జోలికి రావని మూడో పేరాలో ఎక్కడో దాచి, 'రచయిత వాదన ప్రకారం' అని మొదలుపెట్టి, ఆవు అన్నవాడికి నెగెటివ్ మార్కు కూడా కలిపి ఇచ్చేవారు.

ఆ తర్వాత 1990లో స్టూవర్ట్ కాట్జ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి ఒక పని చేశారు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలోని రీడింగ్ ప్రశ్నలు తీసుకుని, పాసేజీలు ఇవ్వకుండా విద్యార్థులకు ప్రశ్నలు, ఆప్షన్లు మాత్రమే ఇచ్చారు. అప్పట్లో ఐదేసి ఆప్షన్లు, అంటే కళ్ళు మూసుకుని గీత పెట్టినా ఐదింట ఒకటి తగలాలి. విద్యార్థులు దానికి చాలా ఎక్కువే తెచ్చుకున్నారు. పాసేజీ చూడకుండానే! ఈ పరిశోధన చదివి కొందరు, ఇంతకీ పరీక్ష కొలుస్తున్నది ఏమిటి అని ఆందోళన పడ్డారు. నాకైతే ఇంతకన్నా శుభవార్త కనిపించలేదు. ఆ పిల్లలు వానపాము మాట వినకుండానే వానపాము గురించి ఏమనాలో తెలుసుకున్నారు, విద్యకు ఇంతకు మించిన ఫలితం ఏముంటుంది.

శాట్ వాళ్ళు కూడా మెల్లగా దారికొస్తున్నారు. మొన్నమొన్నటి వరకు 500 నుంచి 750 పదాల పాసేజీ ఒకటి ఇచ్చి దాని మీద 10, 11 ప్రశ్నలు అడిగేవారు. 2023, 2024లో పరీక్ష కంప్యూటర్ మీదికి మారాక పాసేజీ 25 నుంచి 150 పదాలకు తగ్గింది, ఒక్కోదానికి ఒకే ప్రశ్న, అలాంటివి 64 నిమిషాల్లో 54. ఇరవై ఐదు పదాల్లో రచయిత ఒక అభిప్రాయానికి రావాలి, దాన్ని తనే ఖండించుకోవాలి, ఆ తర్వాత జాగ్రత్తతో ఆశ పడాలి. ఇదే వేగంతో వెళ్తే త్వరలోనే పాసేజీ సున్నా పదాలకు చేరుకుంటుందని నా అంచనా.

మనవాళ్ళు మాత్రం వ్యతిరేక దిశలో వెళ్తున్నారు, అదే విచారం. న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశానికి పెట్టే క్లాట్‌లో 2020 నుంచి మొత్తం పేపరే పాసేజీల మయమైపోయింది. ఇంగ్లీషే కాదు, జనరల్ నాలెడ్జ్ పాసేజీలోంచే, లాజిక్ పాసేజీలోంచే, చివరికి లెక్కలకు కూడా ముందు ఏదో ఒకటి చదవాలి. 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు, తప్పయితే పావు మార్కు పోతుంది. న్యాయశాస్త్రం భాగంలో చట్టం ముందే తెలిసి ఉండాల్సిన అవసరం లేదు, పాసేజీలో ఏ సూత్రం ఇస్తే దాన్నే వర్తింపజేయాలి. అంటే పొరపాటున చట్టం తెలిసిన పిల్లాడు అది కాసేపు మర్చిపోయి రాయాలి, తెలియని పిల్లాడికి ఆ శ్రమ లేదు. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఇదొక్కటే.

దక్షిణ కొరియాలో కాలేజీ ఎంట్రన్స్ రోజున ఇంగ్లీష్ లిజనింగ్ జరుగుతున్నంతసేపు దేశమంతటా విమానాలు పైకి లేవడం, కిందికి దిగడం ఆపేస్తారు. 70 నిమిషాల పేపర్లో ఆ 17 ప్రశ్నలకు ఆకాశమంత గౌరవం. మిగిలిన 28 ప్రశ్నలు రీడింగ్, వాటికి మాత్రం విమానాలు యథావిధిగా ఎగురుతాయి. చదవడం చప్పుడులోనూ చేసుకోవచ్చని కాబోలు. లేదా ఎలాగూ ఎవరూ చదవరని వాళ్ళకూ తెలిసి ఉండాలి.

ఇక ప్రాక్టీస్ విషయం. రోజూ ఇంగ్లీష్ పేపర్లో ఎడిటోరియల్ చదవమని పెద్దలు సలహా ఇస్తారు, పిల్లలు పాటిస్తారు కూడా. పాటించి పాటించి వాళ్ళ కళ్ళకు ఒక కొత్త చూపు వస్తుంది. ఎక్కడో వరదలొచ్చి ఊళ్ళు మునిగాయని సంపాదకుడు గుండెలు బాదుకుని రాస్తే, మూడో పేరాలో 'అయినప్పటికీ' వచ్చింది కాబట్టి అక్కడ వాదన మలుపు తిరిగింది, టోన్ ప్రశ్న ఇక్కడే వేస్తాడు అని అండర్‌లైన్ చేస్తారు. వరద ఏ రాష్ట్రంలో వచ్చిందో అడిగితే వెనక్కి వెళ్ళి స్కాన్ చేయాలంటారు. ఇది అద్భుతమైన ప్రగతి, దీన్ని మనసు రాయి కావడంతో పోల్చి చూసే నిరాశావాదులతో నేను వాదించను.

మాక్ టెస్టుల చివర వచ్చే వివరణలు మరో ఎత్తు. 'బి ఎందుకు సరైనది?' 'ఎందుకంటే పాసేజీ బి నే సమర్థిస్తోంది.' 'డి ఎందుకు కాదు?' 'డి ని పాసేజీ బి అంతగా సమర్థించడం లేదు.' ఇది చదివి కోపం తెచ్చుకునే విద్యార్థులున్నారు. నాకు తెలిసిన ఒకమ్మాయి డి కూడా సరైనదే అని రెండు పేజీలు రాసి, పాసేజీలోంచే నాలుగు ఆధారాలు చూపించి, వాళ్ళ సార్‌కు ఇచ్చింది. సార్ అంతా ఓపిగ్గా చదివి, 'బాగానే రాశావమ్మా, నువ్వు చెప్పింది నిజమే, కానీ ఇంత ఆలోచిస్తే టైమ్ సరిపోదు' అన్నారు. నూటికి నూరుపాళ్ళు సరైన మాట. ఆ రెండు పేజీలే ఆ ఏడాది మొత్తం మీద ఆ క్లాసులో జరిగిన అసలైన రీడింగ్ కాంప్రహెన్షన్ అయి ఉండవచ్చు, కాదనను, కానీ వాటికి మార్కుల్లేవు కదా.

అందుకే నా ప్రతిపాదన. పాసేజీలు పూర్తిగా తీసేయాలి. ప్రశ్నలు, ఆప్షన్లు ఉంచాలి. కాగితం మిగులుతుంది, కళ్ళు మిగులుతాయి, రచయితలకు అవమానం తప్పుతుంది, కోచింగ్ సెంటర్లకు 'పాసేజీ రహిత బ్యాచ్' అని కొత్త బోర్డు పెట్టుకునే వీలుంటుంది. ప్రశ్న చూడగానే నాలుగింట్లో అన్నిటికంటే చప్పగా ఉన్నది ఏదో పసిగట్టిన వాడికి సీటు. ఇప్పుడు జరిగేది కూడా ఇదే కాబట్టి పెద్ద మార్పేమీ ఉండదు.

ఒక్క ఇబ్బంది మాత్రం కాలేజీలవైపు నుంచి ఉంది, దాన్ని దాచి లాభం లేదు. ఇంత శిక్షణ పొంది, ఇంత పోటీ తట్టుకుని పిల్లలు కాలేజీలో అడుగుపెడతారు. మొదటి వారమే ఎవరో ప్రొఫెసర్ నలభై పేజీల అధ్యాయం ఒకటి చేతిలో పెట్టి, చదువుకుని రండి, రేపు మాట్లాడుకుందాం అంటాడు. పిల్లలు తిరగేసి చూస్తారు. చివర ప్రశ్నల్లేవు. ఆప్షన్లు లేవు. ఏది కొట్టేయాలో తెలియదు. పైగా ఆ రాసినాయనకు నిజంగానే కోపం వచ్చి ఉంటుంది, 'అన్నీ' అని, 'ఎన్నడూ' అని ధైర్యంగా రాసి ఉంటాడు, అయినా తప్పని ఎవరూ చెప్పరు. మర్నాడు క్లాసులో, మీకేమనిపించింది అని అడుగుతారు. మాకు అనిపించకుండా ఉండటానికి కదా సార్ రెండేళ్ళు ఫీజు కట్టాం అని ఏ పిల్లాడు లేచి అనగలడు?

కాబట్టి యూనివర్సిటీలు వెంటనే స్పందించాలి. లైబ్రరీలో ఉన్న ప్రతి పుస్తకానికీ, ప్రతి అధ్యాయం చివరా, నాలుగేసి ఆప్షన్లు అచ్చువేయించి అంటించాలి. పాత పుస్తకాలకు రబ్బరు స్టాంపులైనా చాలు. ఆ పని పూర్తయ్యే వరకు ఫస్టియర్ విద్యార్థులను లైబ్రరీలోకి పంపకుండా మినహాయింపు ఇవ్వాలి, మినహాయింపు కోరే దరఖాస్తు ఫారం ఒకే పేజీలో ఉండాలి, అందులో కారణం రాయమని ఖాళీ జాగా వదలకుండా అక్కడ కూడా ఏ, బి, సి, డి ఇవ్వాలి.