ఒకే నాలాకు రెండు శిలాఫలకాలు

నిన్న ఉదయం హన్మకొండలో మా వీధి చివరి నాలాకు మా శాసనసభ్యుడు మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. మళ్లీ అని ఎందుకంటున్నానంటే, అక్కడే వేపచెట్టు మొదట్లో, అదే శాసనసభ్యుని పేరుతో పాత శిలాఫలకం ఇంకా నిలిచే ఉంది. నల్లరాతి మీద బంగారు రంగు సగం రాలిపోయింది గాని, శంకుస్థాపన తేదీ వేలితో తడిమితే ఇప్పటికీ తెలుస్తుంది. దానికి మూరెడు దూరంలో కొత్త రాయిని పాతారు. 2023 జూలైలో వరంగల్ మునిగినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచింది ఈ నాలా పూర్తికాకనే. ఆ మాటే అడిగితే, ఆయన వెంట వచ్చిన పెద్దమనిషి నా భుజం మీద చెయ్యి వేసి "సారు యాడికి పోతడు తమ్మీ, జర ఆగు" అన్నాడు. ఆ మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఒక మనిషి రెండుసార్లకు మించి శాసనసభ్యుడు కాకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. రాజ్యాంగంలోని 172వ అధికరణ సభకు ఐదేళ్ల గడువు పెట్టింది, 173వది అభ్యర్థికి 25 ఏళ్లు నిండాలన్నది. ఎన్నిసార్లు గెలవవచ్చో మాత్రం ఎక్కడా లేదు. కేరళలో ఊమెన్ చాందీ 1970 నుంచి 2023లో కన్నుమూసేదాకా పుతుప్పల్లి శాసనసభ్యుడే. ఆయన ఎంత మంచివాడైనా, ఆ యాభై మూడేళ్లలో ఆ ఊళ్లో సభకు వెళ్లదగినవాళ్లు ఇంకెవరూ పుట్టలేదా? గ్రామంలో రిజర్వేషన్ మారగానే సర్పంచు పక్కకు తప్పుకుంటాడు, ఊరేమీ ఆగిపోదు.

అనుభవం పోతుందని, అధికారుల పెత్తనం పెరుగుతుందని కొందరంటారు. అమెరికాలో మిషిగన్ ఓటర్లు 1992లో తమ రాష్ట్ర శాసనసభ్యులకు ఇలాంటి పరిమితి పెట్టారు. ఇలాంటి వాదనలన్నీ విన్నాక కూడా 2022లో దాన్ని రెండు సభల్లో కలిపి పన్నెండేళ్లుగా మార్చుకున్నారే గాని ఎత్తివేయలేదు. అక్కడ ప్రజలే నేరుగా ఓటు వేసి తెచ్చుకున్నారు, మనకు ఆ దారి లేదు. అనర్హతలను చట్టం ద్వారా చేర్చే అధికారాన్ని 191వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది గాని, తమ పార్టీ శాసనసభ్యుల కుర్చీల కిందికి నీళ్లు తెచ్చే చట్టాన్ని అక్కడున్నవాళ్లు చేస్తారా? చేసినా కొడుకునో కోడలినో నిలబెడతారని నాకూ తెలుసు. అయినా ఆ కొత్త మనిషి కనీసం ఇంటింటికీ తిరిగి, ఓటు అడగాల్సి వస్తుంది.

నా అసలు బాధ ఇంకొకటి ఉంది. తెలంగాణ ఉద్యమంలో కాకతీయ విశ్వవిద్యాలయంలో నాతోపాటు లాఠీ దెబ్బలు తిన్న మిత్రుడు ఒకడున్నాడు. ప్రతి ఎన్నికకూ టికెట్ అడిగాడు, ప్రతిసారీ సిట్టింగ్‌కే ఇస్తున్నామని చెప్పి పంపారు. నిన్న భూమిపూజలో కొబ్బరికాయలున్న పళ్లెం పట్టుకుని శాసనసభ్యుని వెనుక నిలబడింది అతడే. గడ్డం పూర్తిగా నెరిసింది. నన్ను చూసి తల దించుకున్నాడు.